డైనోసార్ పన్ను కొంటున్నారా? డబ్బులు కట్టే ముందు వేరు దగ్గర ఓసారి చూడండి!

హాలీవుడ్ హీరో నికోలస్ కేజ్ 2007లో వేలంపాటలో ఓ డైనోసార్ పుర్రె కొన్నాడు. ధర 2,76,000 డాలర్లు. పుర్రె అసలైనదే. కానీ మంగోలియా నుంచి దొంగచాటుగా తరలించిందని తేలడంతో 2015లో తిరిగి అప్పగించేందుకు ఒప్పుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద స్టార్ పరిస్థితే అలా ఉంటే, పిల్లాడి పుట్టినరోజుకని ఆన్‌లైన్‌లో ఓ డైనోసార్ పన్ను ఆర్డర్ పెట్టేవాళ్ల సంగతేంటి?

చవగ్గా దొరికే డైనోసార్ పళ్లలో చాలావరకు మొరాకోవే. ఆ దేశంలో ఆగ్నేయాన, సహారా ఎడారి అంచున కెమ్ కెమ్ అనే రాతి పొరలున్నాయి. వయసు సుమారు 10 కోట్ల ఏళ్లు. ఇప్పుడంతా ఎడారే కానీ అప్పట్లో అక్కడ పెద్ద పెద్ద నదులు పారేవి. ఆ నీళ్లలో చేపలు పట్టుకు తిన్న స్పైనోసారస్ పళ్లు కుప్పలుగా దొరుకుతాయి. పోర్ట్స్‌మౌత్ యూనివర్సిటీ పరిశోధకులు అక్కడ ఓ చోట సేకరించిన 1,200కు పైగా పళ్లను లెక్కిస్తే దాదాపు సగం దానివేనని 2020లో తేలింది. మరి ఇన్ని దొరుకుతుంటే నకిలీ ఎందుకు? ఎందుకంటే పగలకుండా బయటపడేవి తక్కువ. నిండుగా, పొడుగ్గా ఉన్న పన్నుకే రేటు ఎక్కువ. అందుకే రెండు మూడు విరిగిన ముక్కల్ని జిగురుతో అతికించి ఒకే పన్నుగా చేసేస్తారు. ముక్కలన్నీ అసలైనవే, పన్ను మాత్రం అబద్ధం!

వేరు దగ్గరే అసలు కథ

మనకు పాలపళ్లు ఒక్కసారే ఊడతాయి. డైనోసార్లకు బతికున్నంత కాలం పళ్లు ఊడుతూ, కొత్తవి వస్తూనే ఉంటాయి. కింద నుంచి కొత్త పన్ను తోసుకొస్తుంటే పాతదాని వేరు కరిగిపోతుంది, పై భాగం ఊడి పడిపోతుంది. కాబట్టి విడిగా దొరికే పళ్లలో ఎక్కువ వాటికి వేరు ఉండదు. పొడవాటి వేరుతో సహా పన్ను, అదీ తక్కువ రేటుకి ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే. చాలాసార్లు ఆ 'వేరు' ఇసుక, జిగురు కలిపి ముద్ద చేసి పెట్టింది. భూతద్దంలో చూస్తే ఇసుక రేణువులు విడివిడిగా కనిపిస్తాయి. అసలు వేరులో ఎముకలాంటి అల్లిక ఉంటుంది.

పన్ను మీద సన్నటి గీతల్ని కూడా వదలొద్దు. స్పైనోసారస్ పన్ను గుండ్రంగా, శంకువులా ఉండి, పైనుంచి కిందికి నిలువు గీతలుంటాయి. టార్చ్ లైట్ పక్కనుంచి ఏటవాలుగా వేసి, పగులు ఉన్న చోట ఆ గీతలు అటు నుంచి ఇటు సరిగ్గా కలుస్తున్నాయా లేదా చూడండి. కలవకపోతే అవి రెండు వేర్వేరు పళ్లు. పగులు ఉండటం మాత్రం తప్పు కాదు, కోట్ల ఏళ్లు మట్టిలో ఉన్న వస్తువు కదా. ఒకే పన్ను విరిగితే అతికించడం మామూలే. ఆ సంగతి అమ్మేవాడు ముందే చెప్పాలి, అంతే.

యూవీ టార్చ్ కూడా పనికొస్తుంది. జిగురు, రెజిన్ చాలాసార్లు పన్ను కంటే వేరే రంగులో మెరుస్తాయి. అయితే కొన్ని ఖనిజాలు కూడా మెరుస్తాయి కాబట్టి ఆ ఒక్క పరీక్షనే నమ్ముకోవద్దు. మొత్తం అచ్చు పోసిన రెజిన్ పన్నయితే చేతిలో తేలిగ్గా ఉంటుంది, రాయిలా చల్లగా తగలదు. పైన చిన్న చిన్న గాలి బుడగల గుంటలుంటాయి.

పేరు మార్చి అమ్ముతారు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో దొరికి, ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉన్న కోటసారస్ ఆకులు తినే జంతువు. మార్కెట్లో గిరాకీ మాత్రం మాంసం తినేవాటి పళ్లకే. 'ఆఫ్రికా టీ రెక్స్' అని అమ్మేది నిజానికి కార్కరోడాంటోసారస్. దాని పన్ను కత్తిలా బల్లపరుపుగా ఉంటుంది, రెండు అంచుల్లోనూ రంపంలా సన్నటి గాట్లుంటాయి. అసలు గాట్లు ఒకే వరసలో ఉంటాయి. ఎగుడుదిగుడుగా ఉంటే ఎవరో చెక్కారన్నమాట. నిజమైన టీ రెక్స్ దొరికేది ఉత్తర అమెరికా పశ్చిమ ప్రాంతంలోనే, మొంటానా, సౌత్ డకోటా, వయోమింగ్ లాంటి చోట్ల. కాబట్టి మొరాకో టీ రెక్స్ అనేదే లేదు.

రాతి దవడలో పళ్లు పొదిగినట్టు ఉండే మోససార్‌వి కూడా డైనోసార్ పేరుతో తిరుగుతుంటాయి. మోససార్ సముద్రంలో బతికిన సరీసృపం, బల్లులకు చుట్టం, డైనోసార్ కానే కాదు. పైగా ఆ దవడ చాలాసార్లు ఇసుక, జిగురుతో కట్టిందే, పళ్లు మాత్రమే అసలైనవి.

ఇక మంగోలియా పన్ను అంటే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. అక్కడి డైనోసార్ శిలాజాలు ప్రభుత్వ ఆస్తి, బయటికి అమ్మడం నేరం.

ఫొటో ఒక్కటి చూసి డబ్బులు పంపొద్దు. నాలుగు వైపులా, వేరు వైపు నుంచి కూడా ఫొటోలు అడగండి. ఏ దేశంలో, ఏ రాతి పొరలో దొరికింది, ఎక్కడెక్కడ అతికించారు, తేడా వస్తే వెనక్కి తీసుకుంటారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. వేరు ఫొటో పంపడానికి వంకలు చెబుతుంటే ఆ బేరం అక్కడితో ఆపేయండి.