కర్మణి క్రియ పక్కన ప్రిపొజిషన్: పశ్చిమ ప్రకాశం వాక్యాలతో ఒక పరిశీలన

పాసివ్ వాయిస్ అనగానే మన బడుల్లో పిల్లల నోట ముందుగా వచ్చే మాట 'బై'. కర్మను ముందుకు తెచ్చి, క్రియను మార్చి, కర్తను చివరికి పంపి దాని ముందు 'బై' పెడితే పదో తరగతి వాయిస్ ప్రశ్నకు మార్కులు వస్తాయి. అదే విద్యార్థి సొంతంగా ఒక పేరా రాయాల్సి వచ్చినప్పుడు ఈ సూత్రమే అడ్డం తిరుగుతుంది. మార్కాపురం పలకలకు ప్రసిద్ధి అన్న సంగతిని 'నోన్ బై స్లేట్స్' అనో 'నోన్ టు స్లేట్స్' అనో రాస్తాడు. సరైన 'నోన్ ఫర్' అతనికి ఏ సూత్రంలోనూ దొరకదు. కర్మణి క్రియ పక్కన వచ్చే ప్రిపొజిషన్లను జాబితాలుగా బట్టీ పట్టించడం వల్ల ప్రయోజనం తక్కువ. తెలుగు వాక్యం ఆ అర్థాన్ని ఎక్కడ దాచుకుందో చూపిస్తే వాటిలో చాలా భాగం దానంతటదే తేలుతుంది. ఈ వ్యాసం చెప్పదలచింది ఇదే. ఉదాహరణలన్నీ దర్శి, పొదిలి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల సంగతుల మీదే అల్లాను.

ప్రకాశం జిల్లా పుట్టుక చూడండి. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లోంచి కొన్ని ప్రాంతాలు విడదీసి 1970లో ఒంగోలు జిల్లా ఏర్పాటు చేశారు. దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఈ వాక్యాల్లో ఎక్కడా 'బడు' లేదు, 'చేత' లేదు. 'ఏర్పాటు చేశారు', 'పేరు పెట్టారు' అన్నప్పుడు చేసిందెవరో మనం చెప్పడం లేదు, వినేవాడు అడగడం లేదు. కర్త పేరెత్తని ఈ 'ఆరు' ప్రత్యయమే తెలుగులో అసలైన కర్మణి. ఇంగ్లీషులో ఇదే సంగతి 'వాజ్ కార్వ్‌డ్ అవుట్ ఆఫ్ త్రీ డిస్ట్రిక్ట్స్', 'వాజ్ నేమ్‌డ్ ఆఫ్టర్ ప్రకాశం' అవుతుంది. అక్కడా 'బై' లేదు. ఇది అరుదైన సంగతేమీ కాదు. క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ 1985లో వెలువరించిన బృహద్వ్యాకరణం ప్రకారం ఇంగ్లీషు కర్మణి వాక్యాల్లో ఐదింట నాలుగు కర్తను చెప్పనే చెప్పవు. అంటే మన ప్రశ్నపత్రాలు పాసివ్ పేరుతో పరీక్షిస్తున్నది ఆ ఐదో వాక్యాన్నే. మిగతా నాలుగింటిలో క్రియ పక్కన నిలిచే 'ఆఫ్', 'ఆఫ్టర్', 'ఇన్', 'విత్', 'ఫ్రం' లాంటివి బోధనకు ఎక్కడం లేదు.

'బై', 'విత్' తారుమారు కావడానికి మూలం మన వ్యాకరణ సంప్రదాయంలోనే ఉంది. తృతీయా విభక్తి చేతన్, చేన్, తోడన్, తోన్. చేసినవాడికీ, చేసిన పనిముట్టుకూ, వెంట ఉన్నవాడికీ ఒకే విభక్తి. సంస్కృతంలోనూ పాణిని కర్తకూ కరణానికీ కలిపి తృతీయనే విధించాడు. వ్యవహారంలో 'చేత' పలచబడి 'తో' ఒక్కటే అన్ని పనులూ చేస్తోంది. ఇంగ్లీషు మాత్రం చేసినవాడికి 'బై', పనిముట్టుకు 'విత్' అని గీత గీసుకుంది. ఆ గీత కూడా మరీ పాతది కాదు. ఒకప్పుడు ఇంగ్లీషులో కర్తను 'ఆఫ్'తోనూ 'ఫ్రం'తోనూ చెప్పేవారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో కర్తకు 'ఆఫ్' వాడిన చోట్లు ఇప్పటికీ చదవొచ్చు. అందుకే 'బై'ని పాసివ్‌కు జన్మలక్షణంగా చూపడం భాషాచరిత్ర దృష్ట్యా కూడా పొరపాటే.

పలక దగ్గరికి వద్దాం. మార్కాపురం చుట్టుపక్కల భూమిలోంచి రాయి తీస్తారు, పొరలుగా చీలుస్తారు, కొలతకు కోస్తారు, చుట్టూ చెక్క చట్రం బిగిస్తారు. నోటుపుస్తకాలు వచ్చాక బడిపలక వాడకం తగ్గినా ఊరి పేరు దాంతోనే ముడిపడి ఉంది. ఈ పనులన్నిటినీ ఇంగ్లీషులో పెడితే 'క్వారీడ్ ఫ్రం ద గ్రౌండ్', 'స్ప్లిట్ ఇంటు షీట్స్', 'కట్ టు సైజ్', 'ఫ్రేమ్‌డ్ ఇన్ వుడ్' అవుతాయి. నాలుగు కర్మణి క్రియలకు నాలుగు ప్రిపొజిషన్లు. పుట్టిన చోటుకు ఒకటి, మారిన రూపానికి ఒకటి, హద్దుకు ఒకటి, చుట్టిన వస్తువుకు ఒకటి. తెలుగు వైపు చూస్తే 'లోంచి', 'గా', 'కు' కనబడతాయి. నాలుగోదానికి విభక్తే లేదు, 'చుట్టూ బిగిస్తారు' అన్న క్రియలోనే అర్థం కలిసిపోయింది. విద్యార్థి తడబడేది ఇక్కడే. విభక్తి కనబడినచోట ఏదో ఒక ప్రిపొజిషన్ పెట్టగలడు, క్రియలో కరిగిపోయినచోట వెతుక్కుంటాడు.

ఇక పిల్ల చేతికి పలక వచ్చాక పుట్టే వాక్యం ఇంకా విలువైనది. 'పలక మీద పిల్ల బలపంతో రాస్తుంది' అన్నదాన్ని పలకను కర్తృస్థానంలో పెట్టి చెబితే 'ద స్లేట్ ఈజ్ రిటన్ ఆన్ విత్ ఎ పెన్సిల్ బై ద చైల్డ్' అవుతుంది. 'ఆన్', 'విత్', 'బై' మూడూ వరసగా ఒక్క క్రియ వెనకే నిలిచాయి. తెలుగులో 'మీద' పలకను వదలదు. పలక ఎక్కడికి పోతే అక్కడికి వెంట పోతుంది. ఇంగ్లీషులో పలక వాక్యం మొదటికి వెళ్లినా 'ఆన్' మాత్రం క్రియనే అంటిపెట్టుకుని వెనక ఉండిపోతుంది. తెలుగు విభక్తి నామానికి చెందినది. ఇంగ్లీషు ప్రిపొజిషన్ అవసరమైతే నామాన్ని విడిచి క్రియకు చెందగలదు. పాసివ్‌లో ప్రిపొజిషన్ల చిక్కుకు నా దృష్టిలో ఇంతకంటే పెద్ద కారణం లేదు. అమ్మానాన్నలు పనికి హైదరాబాదు వలసపోతే ఊళ్లో పిల్లల్ని అవ్వ చూసుకుంటుంది. దీన్ని 'లుక్డ్ ఆఫ్టర్ బై దెయిర్ గ్రాండ్‌మదర్' అని రాయాలి. 'ఆఫ్టర్', 'బై' పక్కపక్కనే కనబడేసరికి విద్యార్థులు 'ఆఫ్టర్' అదనమనుకుని కొట్టేస్తారు. అప్పుడు అవ్వ పిల్లల్ని పెంచడం పోయి, ఊరికే చూడటం మిగులుతుంది.

దర్శి వైపు నాగార్జునసాగర్ కుడికాలవ నీళ్లు పారే పొలాలున్నాయి. వాటి గురించి 'ఇరిగేటెడ్ బై ద కెనాల్' అనొచ్చు, 'విత్ కెనాల్ వాటర్' అనొచ్చు, 'ఫ్రం ద సాగర్' అనీ అనొచ్చు. మూడూ ఒప్పే. మొదటిది కాలవను చేసేదానిగా చూస్తుంది, రెండోది నీటిని సాధనంగా చూస్తుంది, మూడోది వచ్చిన చోటు చెబుతుంది. మన రైతు మాత్రం 'కాలవ కింద పొలం' అంటాడు. అందువల్ల విద్యార్థి 'ఇరిగేటెడ్ అండర్ ద కెనాల్' అని రాస్తే దాన్ని ఎర్రసిరాతో కొట్టకూడదు. భారతీయ నీటిపారుదల శాఖల ఇంగ్లీషులో 'అండర్' స్థిరపడిన వాడుక.

కాలవ అందని మెట్ట ఊళ్లలో సంగతి వేరు. పశ్చిమ ప్రకాశంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. 'నీళ్లు ఫ్లోరైడ్‌తో నిండాయి', 'జనం ఫ్లోరైడ్‌తో బాధపడుతున్నారు' అన్న రెండు వాక్యాల్లోనూ మనకు 'తో' సరిపోయింది. ఇంగ్లీషులో నీళ్లు 'కంటామినేటెడ్ విత్', జనం 'అఫెక్టెడ్ బై'. ఫ్లోరైడ్ నీటిలో కలిసి ఉంది, విడదీసి చూపలేం, కనుక 'విత్'. జనం విషయంలో అది బయటినుంచి వచ్చి పట్టిన కీడు, కనుక 'బై'. ఈ తేడా తెలుగుకు తెలియనిది కాదు. రెండో వాక్యాన్నే మనం 'ఫ్లోరైడ్ బారిన పడ్డారు' అని కూడా అంటాం. నీళ్లు ఎప్పుడూ ఫ్లోరైడ్ బారిన పడవు. 'బారిన పడ్డారు' అనగలిగిన చోట 'బై', అనలేని చోట 'విత్' అని చెబితే విద్యార్థి చేతికి తన భాషలోనే ఒక కొలమానం దొరుకుతుంది. ప్రతి క్రియకూ ఇది పనిచేస్తుందని చెప్పను. కరువులు, వరదల వంటి కీడులకు మాత్రం నమ్మదగినది.

'కి, కు'ల విషయం త్వరగా ముగించవచ్చు. 'ఈ ఊరు అందరికీ తెలుసు', 'ఈ ఊరు పలకలకు ప్రసిద్ధి' అన్న రెంటిలోనూ ఒకే విభక్తి. ఎరిగినవాడు మనిషైతే 'నోన్ టు', ఎరగడానికి కారణం చెబితే 'నోన్ ఫర్', ఏ హోదాలో ఎరుగుదురో చెబితే 'నోన్ యాజ్'. మూడోదానికి మన 'గా' నేరుగా సరిపోతుంది. 'కనిగిరి అబ్బాయితో పెళ్లయింది' అన్నదాన్ని బట్టి 'మ్యారీడ్ విత్' అనే వాడుక ఎంతగానో పాతుకుపోయింది. అది 'మ్యారీడ్ టు' అని ఒకసారి దిద్దితే చాలు, వివరణ అక్కర్లేదు.

మనసుకు సంబంధించిన క్రియలు ఇంత సులభంగా లొంగవు. 'సర్‌ప్రైజ్డ్', 'ఫ్రైటెన్డ్', 'వరీడ్', 'ఇంట్రెస్టెడ్' వంటివి సగం క్రియలు, సగం విశేషణాలు. క్వర్క్ బృందం వీటిని అర్ధ కర్మణి అని వేరుగా చూపింది. తెలుగులో ఇవి కర్మణి దరిదాపుల్లో కూడా లేవు. 'నాకు భయం', 'నాకు ఆశ్చర్యమేసింది' అని అనుభవించేవాడిని 'కు'తో చెబుతాం. అనుభవానికి కారణమైనదానికి 'మీద' వస్తుంది. 'ఇంగ్లీషు మీద ఆసక్తి', 'వాడి మీద కోపం' అంటాం. అందుకే 'ఇంట్రెస్టెడ్ ఆన్', 'యాంగ్రీ ఆన్' అనే తప్పులు వస్తాయి. అయితే ఒకచోట తెలుగు ఇంగ్లీషుకంటే స్పష్టంగా దారి చూపిస్తుంది. 'కుక్కను చూసి జడుసుకున్నాడు' అన్నది ఆ క్షణాన జరిగిన సంగతి, ఇంగ్లీషులో 'ఫ్రైటెన్డ్ బై ద డాగ్'. 'వాడికి కుక్కలంటే భయం' అన్నది ఎప్పుడూ ఉండే గుణం, అది 'ఫ్రైటెన్డ్ ఆఫ్ డాగ్స్'. 'చూసి', 'విని' వచ్చినచోట జరిగిన ఘటన ఉంది కనుక 'బై' కానీ 'ఎట్' కానీ వస్తాయి. 'అంటే' వచ్చినచోట స్థితి ఉంది. అక్కడ 'బై' అరుదు. ఈ తేడాను విభక్తి ప్రత్యయాల పట్టికలో వెతికితే కనబడదు, ఎందుకంటే తెలుగు దాన్ని విభక్తిలో కాక 'చూసి' అనే అసమాపక క్రియలో పెట్టింది. విభక్తికి ఎదురుగా ప్రిపొజిషన్‌ను నిలబెట్టే పాత పోలిక పనికిరాదని, వాక్యానికి ఎదురుగా వాక్యాన్నే నిలబెట్టాలని నేను పట్టుపట్టేది ఇందుకే.

అందుకు కావలసిన సామగ్రి ఇప్పటికే బడుల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో అచ్చయి ఉంటాయి. సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం పుస్తకాల్లో కర్మణి వాక్యాలకు కొదవ లేదు. ఇంగ్లీషు ఉపాధ్యాయులు వారానికి ఒక పేజీ తీసుకుని, ఇంగ్లీషు కర్మణి వాక్యం ఎదుట తెలుగు ఏం చేసిందో పిల్లల చేతే గుర్తు పెట్టించాలి. 'ఆరు'తో ముగిసిందా, 'కు' వచ్చిందా, అర్థం క్రియలో కలిసిపోయిందా అని అడగాలి. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి నా విన్నపం ఒకటే. కర్త ఉన్న వాక్యాన్ని తిరగేసి 'బై' పెట్టించే ప్రశ్నను తగ్గించండి. పిల్లలకు తెలిసిన పలక గురించో, కాలవ గురించో కర్త లేని ఐదారు వాక్యాలు ఇచ్చి, ప్రిపొజిషన్ చోటు ఖాళీగా వదిలి, నింపమనండి.