లిస్బన్ నగరపు కొండవాలు బండ్లు

పోర్చుగల్ రాజధానియైన లిస్బన్ కొండలమీద వెలసిన నగరము. అచ్చటి ఏటవాలు వీధులను ఎక్కుట ప్రజలకు నిత్యప్రయాసగా ఉండెడిది. ఇంజనీరు రౌల్ మెస్నియే 1884లో లావ్రా వాలుమీదను, 1885లో గ్లోరియా వాలుమీదను కేబుల్ బండ్లను నెలకొల్పెను.

బావి గిలకకు రెండు చేదలు కట్టినట్లే ఇందును ఒకే కేబులుకు రెండు బండ్లు. ఒకటి దిగుచుండగా రెండవది ఎక్కును. మొదట పైబండి తొట్టిలో నీరు నింపి, ఆ బరువుతో క్రిందిబండిని లాగించిరి. గ్లోరియాకు 1915లో విద్యుత్తు వచ్చినది. బండ్లు ఒకదానికొకటి సరితూగుటచే మోటారు బరువులలోని తేడాను, ఘర్షణను జయించిన చాలును.

కాని ఆ తూకమునకు ఆధారము కేబులే. 2025 సెప్టెంబరు 3న గ్లోరియాలో అది ఊడిపోయెను. బ్రేకులు వేసినను బండి నిలువలేదు. 16 మంది మరణించిరి. తూకము చెడినప్పుడును బండిని ఆపగల బ్రేకే నిజమైన బ్రేకు.