మరమ్మతు పొందిన వస్తువు చరిత్రకు ఆధారమేనా?

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు గుర్తుకు వస్తాయి. యంత్రాలు కూడా ఆధారాలే. అయితే యంత్రం పనిచేస్తూ ఉండాలంటే మరమ్మతు తప్పదు. మరమ్మతు జరిగిన ప్రతిసారీ ఆధారం కొంత మారిపోతుంది. ఈ సమస్యను నమూనా రైల్వేలో వాడే మోటారు టర్న్‌టేబుల్ ఉదాహరణతో పరిశీలిద్దాం.

టర్న్‌టేబుల్ అంటే ఆవిరి ఇంజనును ఎక్కించి దిశ మార్చడానికి గుండ్రటి గుంటలో తిరిగే వంతెన. రెండు దిశల్లోనూ నడపగల డీజిల్, విద్యుత్ ఇంజన్లు వచ్చాక దీని అవసరం చాలావరకు పోయింది. నమూనా రైళ్లలో మాత్రం అది నిలిచి ఉంది.

పాత నమూనాను విప్పితే మొదట తీగల అమరికను గమనించండి. 1859లో జర్మనీలో స్థాపితమైన మెర్క్‌లిన్ సంస్థ 1935లో బల్లపై అమర్చుకునే చిన్న రైళ్లను ప్రవేశపెట్టింది. వాటికి ఏకాంతర విద్యుత్తు, పట్టాల మధ్య మూడో వాహకం ఉండేవి. రెండు పట్టాల ఏకముఖ విద్యుత్ పద్ధతిలో మాత్రం వంతెన సగం చుట్టు తిరిగితే ధన, రుణ పట్టాలు తారుమారై షార్ట్ సర్క్యూట్ అవుతుంది. దాన్ని నివారించే ఏర్పాటు కనబడితే ఆ నమూనా ఏ పద్ధతికి చెందినదో మీకు తెలుస్తుంది.

తరువాత రెక్టిఫైయర్‌ను చూడండి. సెలీనియం పలకలు ఉంటే అది సిలికాన్ డయోడ్లు వ్యాపించక ముందటి అమరిక అని ఊహించవచ్చు. సిలికాన్ డయోడ్‌లో సుమారు 0.7 వోల్టు మాత్రమే నష్టమవుతుంది. సెలీనియంలో నష్టం ఎక్కువ, పాతబడేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అందువల్ల పలకలు తీసి డయోడ్లు పెడితే మోటారుకు ఎక్కువ వోల్టేజి అంది, వంతెన మునుపటికంటే వేగంగా తిరుగుతుంది. యంత్రం బాగుపడింది; కాని దాని అసలు వేగం ఎంతో ఇక దాన్ని చూసి చెప్పలేము.

ఇటీవలి ఆధునికీకరణ మరింత లోతైనది. 2005లో ఇటలీలో రూపొందిన ఆర్డ్యుయినో వంటి చిన్న నియంత్రణ బోర్డులతో స్టెప్పర్ మోటారును నడుపుతున్నారు. సాధారణ స్టెప్పర్ మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా వేస్తుంది. 30 సెంటీమీటర్ల వంతెన చివర ఒక్కో అడుగు దాదాపు 4.7 మిల్లీమీటర్లు. పట్టాలు కలవడానికి ఇది చాలా పెద్దది. ఒక్కో అడుగును 16 భాగాలు చేస్తే 0.3 మిల్లీమీటరుకు తగ్గుతుంది. విద్యుత్తు పోయి వచ్చాక వంతెన ఎక్కడుందో మోటారుకు తెలియదు కనుక, మొదటి స్థానాన్ని గుర్తించే అయస్కాంత సెన్సారు కూడా పెడతారు.

మరి పాత భాగాలను ఏమి చేయాలి? కదలని యంత్రం తన పనితీరును చూపలేదు. అన్నీ మార్చిన యంత్రం తన కాలాన్ని చెప్పలేదు. రెండింటికీ న్యాయం చేసే మార్గం ఒకటి ఉంది. విప్పకముందే తీగల పటం గీయాలి, వోల్టేజి, వేగం కొలిచి రాయాలి. పాత తీగలను కత్తిరించకుండా విడదీయాలి. తీసిన భాగాలను తేదీతో భద్రపరచాలి. అప్పుడు మరమ్మతు కూడా ఆ వస్తువు చరిత్రలో ఒక అధ్యాయమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సెలీనియం స్థానంలో సిలికాన్ డయోడ్లు పెడితే చారిత్రక ఆధారంలో ఏమి మారుతుంది?

2. మీ ఇంట్లో మరమ్మతు పొందిన ఒక పాత వస్తువును పరిశీలించి, అందులో ఏ భాగాలు తరువాత చేరినవో కారణాలతో రాయండి.