చివరకు మిగిలేది (నవల)

'చివరకు మిగిలేది' బుచ్చిబాబు రాసిన ఒకే ఒక్క నవల. 1946–47లో నవోదయ పత్రికలో ధారావాహికగా వచ్చి, 1952లో పుస్తకమైంది. తల్లి మీద పడ్డ నింద కొడుకు బతుకును ఎంత దూరం వెంటాడుతుందన్నది ఇందులోని వస్తువు. మనిషి మనసులోకి ఇంత లోతుగా దిగిన నవలలు తెలుగులో తక్కువ. ఇదే పేరుతో 1960లో సావిత్రి నటించిన సినిమా వచ్చింది కానీ దానికీ ఈ నవలకూ సంబంధం లేదు.

బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు (1916–1967). ఏలూరులో పుట్టాడు. అనంతపురం, విశాఖపట్నాల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, తర్వాత ఆకాశవాణిలో చేరాడు.

కథానాయకుడు దయానిధి వైద్యం చదివినవాడు. అతని తల్లి శీలం గురించి ఊళ్ళో గుసగుసలు. ఆమె ఏం చేసిందో, అసలు ఏమైనా చేసిందో లేదో నవల తేల్చి చెప్పదు. రచయిత తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా బలమైనది ఇదే. తప్పు రుజువైతే దాన్ని క్షమించవచ్చు, ద్వేషించవచ్చు. రుజువు కాని నిందను ఏం చేయాలో ఎవరికీ తెలియదు. దయానిధి ఎక్కడికి వెళ్ళినా ఆ మాట అతనికన్నా ముందే చేరుతుంది. ఎవరు పలకరించినా, ఎవరు మొహం తిప్పుకున్నా దాని వెనక తల్లి పేరు వినిపిస్తున్నట్టే ఉంటుంది అతనికి.

పోలికకు, అమెరికన్ రచయిత నథానియల్ హాథార్న్ 1850లో వెలువరించిన 'ది స్కార్లెట్ లెటర్'లో కథానాయిక హెస్టర్ తన తప్పుకు గుర్తుగా ఎర్రటి అక్షరాన్ని గుండెల మీద ధరించి నలుగురిలో నిలబడాల్సి వస్తుంది. ఆ తప్పులో పాలు పంచుకున్న మతగురువు డిమ్స్‌డేల్ దాన్ని లోలోపల దాచుకుని కుంగిపోతాడు. దయానిధి స్థితి ఈ రెండూ కాదు. అతను మోసేది తను చేయని తప్పు. ఒప్పుకుని దించుకోవడానికి వీల్లేని బరువు.

అయితే అతనికీ సొంత రహస్యం ఒకటుంది. అప్పటికే పెళ్ళయిన అమృతంతో ఒక రాత్రి, ఆ తర్వాత ఆమెకు పుట్టిన బిడ్డ. సంగతి ఆ ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. అమృతం ఏడ్చి గగ్గోలు పెట్టదు, ఎవరి దగ్గరా సంజాయిషీ ఇచ్చుకోదు. దయానిధి పేజీల కొద్దీ తర్కించుకునే విషయాన్ని ఆమె మౌనంగా భరిస్తుంది. హెస్టర్‌కు ఈ నవలలో సాటి రాగలది అమృతమే అనిపిస్తుంది. ఆమె మనసులోకి రచయిత మరికాస్త వెళ్ళి ఉండాల్సింది.

దయానిధి భార్య ఇందిర జబ్బుతో చనిపోతుంది. కథ కోస్తా నుంచి రాయలసీమకు మారుతుంది. అక్కడ దయానిధికి వజ్రం దొరుకుతుంది, సంపద వస్తుంది, దానితోపాటు స్థానికుల వైరమూ వస్తుంది. కూడబెట్టినదంతా పోయాక అతనితో నడిచేది కోమలి. యవ్వనంలో అతను ప్రేమించిన ఈ అమ్మాయి కూడా లోకం దృష్టిలో చెడ్డదే. లోకం తనను మెచ్చాలన్న ఆరాటం, తల్లిని నిర్దోషిగా నిలబెట్టాలన్న తపన అతనిలో అప్పటికి సన్నగిల్లుతాయి. దయానిధి ఎదుగుదల అంటే ఇంతే. అతను మహాత్ముడు కాడు, పాపప్రక్షాళన జరగదు. తనతో తాను రాజీపడతాడు.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', నవీన్ 'అంపశయ్య' (1969)లతో కలిపి దీన్ని తెలుగు మనోవైజ్ఞానిక నవలల్లో ముఖ్యమైనదిగా లెక్కిస్తారు. గోపీచంద్ నవలలో కథానాయకుడు సీతారామారావు తనను తాను నాశనం చేసుకుంటాడు. దయానిధి బతికి బయటపడతాడు.