ఏడవనిచ్చిన సినిమా

మా అమ్మ పోయినప్పుడు మా చిన్నాడికి ఆరేళ్లు. పెద్దకర్మ అయ్యేదాకా వాణ్ని పక్కింటి పిన్నిగారి దగ్గరే ఉంచాం. అడిగితే "అమ్మమ్మ ఊరెళ్లింది" అన్నాం. పసివాళ్లకి చావు చూపించకూడదని మా ఇళ్లలో ఒక నమ్మకం. నేనూ అదే సరైనదనుకున్నాను.

నెల తర్వాత ఒక ఆదివారం ఇద్దరం కలిసి 'ది ల్యాండ్ బిఫోర్ టైమ్' అనే డైనోసార్ల కార్టూన్ సినిమా చూస్తున్నాం. అందులో లిటిల్‌ఫుట్ అనే పొడుగు మెడ పిల్ల డైనోసార్ ఉంటుంది. దాని తల్లి చనిపోయింది. మావాడు ఏడవలేదు. కాసేపు ఊరుకుని నా వైపు తిరిగి, "ఆ రోజు అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడనన్నాను కదా, అందుకేనా ఊరెళ్లిపోయింది?" అన్నాడు.

నెల రోజులుగా వాడు ఆ మాట లోపల పెట్టుకుని తింటున్నాడు, ఆడుకుంటున్నాడు, పడుకుంటున్నాడు. నాకు తెలియనే లేదు. మేం ఇంటిల్లిపాదీ వాడి దగ్గర దాచిపెట్టిన విషయాన్ని ఒక కార్టూన్ బొమ్మ బయటికి లాగింది. అదెలా జరిగిందో తెలుసుకోవాలని ఆ సినిమా చరిత్ర వెతుక్కుని చదివాను. చదివినకొద్దీ ఇది పిల్లల సినిమా కథ మాత్రమే కాదనిపించింది.

ఈ సినిమా 1988 నవంబరు 18న అమెరికాలో విడుదలైంది. దర్శకుడు డాన్ బ్లూత్. ఆయన డిస్నీలో పనిచేసి, అక్కడి పద్ధతులు నచ్చక 1979లో కొందరు తోటి చిత్రకారులతో కలిసి బయటికొచ్చేశారు. డైనోసార్ పిల్లల కథ తీయాలన్న ఆలోచన స్టీవెన్ స్పీల్‌బర్గ్‌ది. జార్జ్ లూకాస్ కూడా చెయ్యి కలిపారు. 1940లో వచ్చిన డిస్నీ 'ఫాంటేసియా'లో డైనోసార్ల భాగం ఉంది కదా, అలా మాటల్లేకుండా సంగీతంతోనే తీద్దామని మొదట అనుకున్నారట. పిల్లలకు అందదని ఆ ఆలోచన మానుకున్నారు. బొమ్మల పని ఎక్కువగా ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో జరిగింది. చివరికి తయారైన సినిమా 69 నిమిషాలు. మన తెలుగు సినిమా విశ్రాంతికి కూడా రాని నిడివి.

పిల్లల సినిమాలో తల్లి చనిపోవడం కొత్త కాదు. 1942లో వచ్చిన 'బాంబి'లో జింకపిల్ల తల్లిని వేటగాడు చంపుతాడు. చంపడం తెర మీద కనిపించదు, తుపాకీ చప్పుడే వినిపిస్తుంది. మంచులో ఆ పిల్ల అమ్మ కోసం వెతుకుతుంది. అమ్మ ఇక రాదని తండ్రి చెప్తాడు. ఆ వెంటనే వసంతం, పిట్టల పాటలు! బాంబి ఎన్నాళ్లు ఏడ్చిందో, అన్నం తిందో లేదో మనకి చూపించరు. మేం మా వాణ్ని పక్కింటికి పంపించినట్టే, ఆ సినిమా కూడా పిల్లల్ని చటుక్కున తర్వాతి ఋతువులోకి పంపించేసింది.

నలభై ఆరేళ్ల తర్వాత వచ్చిన ఈ సినిమా ఆ తొందర పడలేదు. పదునుపళ్ల రాక్షస డైనోసార్‌తో పోరాడి, భూకంపం వచ్చిన రాత్రి, వానలో, తల్లి కొడుకు ముందే ప్రాణం వదుల్తుంది. ఆ తర్వాత లిటిల్‌ఫుట్ ఒక్కసారిగా ధైర్యవంతుడైపోడు. మొదట కోపం. తప్పంతా అమ్మదే, తనకి తెలిసుండాలి కదా అంటాడు. మరుక్షణం, తప్పు తనదే, ఇంటి నుంచి దూరంగా ఎందుకు వెళ్లానని ఏడుస్తాడు. తిండి మీద మనసుండదు. ఒక బుల్లి ఎగిరే పిల్ల జాలిపడి తన పండు తెచ్చి ముందు పెట్టినా ముట్టుకోడు. అమ్మ ఇచ్చిన ఒక్క ఆకుని, నక్షత్రంలా ఉండేదాన్ని, పట్టుకుని తిరుగుతాడు. ఒకచోట కొండరాయి మీద పడిన తన నీడనే అమ్మ అనుకుని పరుగెత్తుకెళ్తాడు. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ నీడ చిన్నదై, వాడంతే అయిపోతుంది. నేను బి.ఏ. తెలుగులో కరుణరసం గురించి పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ నీడ చూశాకే నాకు అది అర్థమైంది.

ఈ సన్నివేశాలు పిల్లల్ని మరీ కుంగదీస్తాయేమోనని తీసినవాళ్లకీ భయం వేసింది. అందుకని పిల్లల మనస్తత్వ నిపుణులకు చూపించారు. వాళ్లు తల్లి మరణాన్ని తీసెయ్యమనలేదు. ఆ తర్వాత పిల్లవాడికి ఓదార్పు కావాలన్నారు. అలా కథలోకి వచ్చిందే రూటర్ అనే ముసలి డైనోసార్ పాత్ర. దానికి గొంతిచ్చిన ప్యాట్ హింగిలే సినిమా మొత్తానికి కథ చెప్పే గొంతు కూడా. రూటర్ కనిపించేది కాసేపే. అది లిటిల్‌ఫుట్‌ని ఏడవొద్దనదు. ఇందులో నీ తప్పు లేదు, అమ్మ తప్పూ లేదు, ఎవరి తప్పూ లేదని చెప్తుంది. ఈ బెంగ ఎప్పటికీ ఉంటుంది కానీ బరువు తగ్గుతుందని చెప్తుంది. అంతే, వెళ్లిపోతుంది.

మావాడి ప్రశ్నకు జవాబు అదే. పరామర్శకొచ్చిన బంధువుల్లో ఒక్కరూ వాడికి ఆ మాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వాడు అడుగుతాడని ఎవరనుకున్నారు!

ఇంకో సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. విడుదలకు ముందు ఈ సినిమాలోంచి సుమారు పది నిమిషాలు కత్తిరించారు. పసివాళ్లు జడుసుకుంటారని తీసేసిన వాటిలో ఎక్కువ భాగం ఆ రాక్షస డైనోసార్ తరిమే సన్నివేశాలు. భయాన్ని తగ్గించారు, దుఃఖాన్ని ఉంచారు. మన ఇళ్లలో ఇది తలకిందులు. అన్నం తినకపోతే బూచోడొస్తాడని రోజూ భయపెడతాం. ఏడిస్తే మాత్రం "మగపిల్లాడివి, ఏంట్రా ఆ ఏడుపు?" అంటాం.

లిటిల్‌ఫుట్ స్నేహితుల్లో డకీ అనే చిన్నది ఉంది. ఎదుటివాళ్ల మనసు ముందుగా కనిపెట్టేది అదే. గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన స్పైక్‌ని, అమ్మానాన్నా ఎవరో తెలియని దాన్ని, తమ్ముడిలా వెంటేసుకుంటుంది. ఆ పాత్రకి గొంతిచ్చిన పాప పేరు జూడిత్ బార్సీ. సినిమా విడుదలకు దాదాపు నాలుగు నెలల ముందు, 1988 జులై 25న, కన్నతండ్రే ఆ పాపనీ తల్లినీ కాల్చి చంపాడు. పాపకి పదేళ్లు. ఇంట్లో నరకం ఉందని బయటివాళ్లకు తెలియక కాదు. ఆ ఏడాది మే నెలలో పాప తన ఏజెంటు ముందు వెక్కివెక్కి ఏడిచింది. ఆమె మానసిక నిపుణురాలి దగ్గరికి తీసుకెళ్లింది. హింస జరుగుతోందని గుర్తించారు, పిల్లల రక్షణ శాఖకు తెలియజేశారు. తల్లి విడాకులకు వెళ్తానని చెప్పడంతో విచారణ ఆగిపోయింది. రెండు నెలలు తిరక్కుండా ఇద్దరూ లేరు.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. కానీ డకీ గొంతు వింటూ నవ్వుకునే మనం ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవాలి. పిల్లల ఏడుపుని మనం అల్లరి కింద, గారం కింద కట్టిపెడతాం. ఆ ఏడుపు మనకేదో చెప్తుంటుంది. వినడమే కాదు, విన్నాక చివరిదాకా పట్టుకోవాలి కూడా.

డైనోసార్లకి మనసేమిటి, ప్రేమేమిటి అని మా ఆయన ఎగతాళి చేశారు. దానికీ జవాబుంది. 1978లో అమెరికాలోని మోంటానాలో డైనోసార్ పిల్లల ఎముకలు గూళ్లతో సహా దొరికాయి. గూటిలో ఉండగానే వాటిని తల్లులు సాకేవని శాస్త్రవేత్తలు అనుకున్నారు. అందుకే 1979లో ఆ జాతికి 'మయసారా' అని పేరు పెట్టారు. మంచి తల్లి బల్లి అని దానర్థం. అప్పటిదాకా డైనోసార్ అంటే బుర్రలేని రాకాసి అనుకున్న లోకానికి, అది కూడా అమ్మే అని తెలిసొచ్చింది.

మనకూ ఒక పొడుగు మెడ చుట్టం ఉంది. తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్‌కి శాస్త్రీయంగా పేరు పెట్టి ప్రకటించింది యాదగిరి గారు, అదీ 1988లోనే. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు ఒకేచోట దొరికాయి. వాటితో నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. మావాణ్ని తీసుకెళ్తే దాని కింద నిలబడి తలెత్తి, "ఇందులో అమ్మ ఎముకలెన్ని, పిల్లవెన్ని?" అని అడిగాడు.

ఆ సినిమా తర్వాత 1994 నుంచి 2016 దాకా పదమూడు భాగాలు నేరుగా వీడియోలుగా వచ్చాయి. మొదటి ముగ్గురు పెద్దలకూ వాటితో సంబంధం లేదు. పాటలు, సరదాలు పెరిగాయి. అయినా లిటిల్‌ఫుట్ మెత్తని మనసు మారలేదు. 2003లో వచ్చిన పదో భాగంలో వాడు తండ్రిని కలుసుకుంటాడు. తండ్రితో వెళ్లాలా, పెంచిన అమ్మమ్మాతాతల దగ్గర ఉండాలా అని నలిగిపోయి చివరికి వాళ్ల దగ్గరే ఉండిపోతాడు. అందరికంటే ఎక్కువ ఏడ్చేవాడే అందరికీ దారి చూపిస్తాడు. వాడి ఏడుపు వాణ్ని పిరికివాణ్ని చేయలేదు.

ఆ ఆదివారం నేను సినిమా ఆపేసి మావాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. అమ్మమ్మ ఊరెళ్లలేదని, చనిపోయిందని, గుండె ఆగిపోయిందని చెప్పాను. నువ్వు ఫోన్ మాట్లాడకపోవడం వల్ల కాదు, ఎవరి తప్పూ కాదన్నాను. అప్పుడు ఏడ్చాడు. నెల రోజుల ఏడుపు ఒక్కసారే ఏడ్చాడు. వాడితో పాటు నేనూ ఏడ్చాను. పెద్దకర్మ రోజున వచ్చినవాళ్లకి వడ్డనలు చూసుకుంటూ నాకూ ఏడవడానికి తీరిక దొరకలేదని అప్పుడే గుర్తొచ్చింది.

కాసేపయ్యాక కళ్లు తుడుచుకుని, "మిగతా సినిమా చూద్దామా?" అన్నాడు. చూశాం.