గీకుడు నుంచి దీపం దాకా
1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. మన బళ్ళారి మైసూరులో కలిసింది. గీత పడినా లారీలు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.

సండూరు కొండల నుంచి ఇనుప ఖనిజం దించిన పాత లారీలకు బ్రేకు అరుగుదల చెప్పే దీపం లేదు. లైనింగు అరిగిపోతే రివెట్లు డ్రమ్మును గీకేవి. ఆ చప్పుడే మనకు హెచ్చరిక. తర్వాత కార్ల డిస్కు బ్రేకు ప్యాడ్లకు చిన్న రేకు ముక్క వచ్చింది. ప్యాడు అరగ్గానే అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఇప్పుడు కొన్ని కార్లలో ప్యాడులోనే సన్నని తీగ ఉంటుంది. అది అరిగి తెగితే డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది.

ఆ తీగ కొసలు రెండూ ముడేయించి దీపం ఆర్పేసుకుంటున్నాం కొందరం. దీపం ఆరుతుంది, ప్యాడు మాత్రం అరుగుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని తిరిగే బండి అది. ప్యాడ్లు రెండు వైపులా మార్పిద్దాం, సెన్సారూ కొత్తది వేయిద్దాం.