మార్జాలకిశోర గృహప్రవేశము

పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని మన పల్లెలలో ఆబాలగోపాలమునకు తెలిసిన మాటయే. తల్లి తన కూనను మెడపట్టి నోట కరచుకొని, అటుకమీదినుండి గాదె వెనుకకును, గాదె వెనుకనుండి పొరుగువారి కట్టెలగదిలోనికిని మార్చుచున్నప్పుడు, ఆ కూన కాళ్లు ముడుచుకొని, కించిత్తైనను పెనగులాడక, తన భారమంతయు తల్లిపై వైచి వ్రేలాడుచుండును. ఆ నిశ్చింతను చూచియే వైష్ణవాచార్యులు శరణాగతికి మార్జాలకిశోరన్యాయమును దృష్టాంతముగా నిలిపిరి. అయితే ఈ యేడింటికిని పైన ఎనిమిదవ యిల్లు ఒకటి కలదు. దానిలోనికి కూనను చేర్చునది తల్లి కాదు, మనుష్యుడు. ఆ గృహప్రవేశమును సుఖముగా జరిపించుట మనుష్యుడు ఎంతకాలమునకు నేర్చుకొనెనో, ఆ నేర్పునకు ఎన్ని కూనలు మూల్యము చెల్లించెనో, ఆ కథయే నేను చెప్పబూనినది.

మన తెలుగుదేశమున ఈ విద్య యవసరము అంతగా కలుగలేదు. ఇక్కడ పిల్లిని కొన్నవారు అరుదు. అది తనంతట వచ్చును. పోగొట్టుకొనుటయే కష్టము: గోనెసంచిలో కట్టి ఏరు దాటించి వచ్చినవానికంటె ముందుగా అది వంటయింటి గడప చేరియుండుట కద్దు. దాని వంశమును ఎవరును విచారింపలేదు. కులగోత్రములు విచారింపక మనము ఇంటిలోనికి రానిచ్చిన ప్రాణి అదియొక్కటియే కాబోలు. పెంపకమున కొక శాసనమున్నట్లు మన చాటుకథలలో వినబడునది తెనాలి రామకృష్ణుని పిల్లి మాత్రమే. రాయలవారు పిల్లికూనతోపాటు పాడియావును కూడ ఇప్పించగా, ఆయన కాగిన పాలు పెట్టి మూతి కాల్చి, పాలగిన్నెను చూచినంతనే పరువెత్తునట్లు దానిని తీర్చెనట. పెరిగిన పిల్లులలో పెక్కింటికి ఆవుపాలు జీర్ణము కావని నేటి పశువైద్యులు చెప్పుదురు గనుక, ఉపాయము క్రూరమైనను ఫలితము పథ్యమేనని రామకృష్ణుని పక్షమున వాదింపవచ్చును.

పిల్లులకు లక్షణశాస్త్రము వ్రాసికొన్న దేశము సయాము. మనవారు సుడులను బట్టి అశ్వములకు ఫలములు చెప్పినట్లు, అయుత్థయ రాజుల కాలమునాటి సంప్రదాయమని చెప్పబడు ‘తమ్రా మేవ్’ అను పద్యగ్రంథము 17 విధముల శుభమార్జాలములను, 6 విధముల అశుభమార్జాలములను వర్ణించును. తెల్లని మేను, నల్లని మోము, నల్లని చెవులు, కాళ్లు, తోకయు గల ‘విచియన్‌మాత్’ అందులోని శుభజాతులలో ఒకటి. పాశ్చాత్యులు సయామీ పిల్లి యని పిలుచుచున్నది దీనినే.

ఐరోపాలో మార్జాలమునకు ప్రతిష్ఠ వచ్చిన దినమును వేలుపెట్టి చూపవచ్చును: 1871 జూలై 13. ఆనాడు లండను నగరపు క్రిస్టల్ ప్యాలెస్ భవనమున హారిసన్ వెయిర్ అను చిత్రకారుడు పిల్లుల ప్రదర్శనము నొకదానిని ఏర్పాటుచేసెను. అన్ని పిల్లులు ఒకచోట చేరినచో పోరాటములతోను అరుపులతోను భవనము దద్దరిల్లునేమోయని గుబులుపడుచు పోయిన ఆయనకు, అవి ఎఱ్ఱని దిండ్లపై పవళించి, నడుమ నడుమ పాలు త్రాగుచు గురుగురు మనుచు కనబడెనని ఆయనయే తరువాత వ్రాసెను. 1887లో నేషనల్ క్యాట్ క్లబ్బు వెలసి, దానికి ఆయనయే ప్రథమాధ్యక్షుడయ్యెను. పిల్లులకు వంశావళులను వ్రాసియుంచు పద్ధతి అక్కడ స్థిరపడెను. కొంతకాలమునకు, సభ్యులకు పిల్లుల క్షేమముకంటె పతకములమీదనే మక్కువ హెచ్చుచున్నదని రోసి, వెయిర్ ఆ పదవిని విడిచిపెట్టెను. ఆయన రోత అకారణము కాదని తరువాతి కథయే చెప్పును.

1878 చివర బ్యాంకాకులోని అమెరికా కాన్సలు సికిల్స్ అనునాతడు ఒక సయామీ పిల్లిని అధ్యక్షుడు హేస్ గారి భార్య లూసీకి కానుకగా పంపెను. అది సముద్రములు దాటి, ఖండము దాటి శ్వేతసౌధము చేరెను. దానికి పెట్టిన పేరు ‘సయాము’. మొదట బెదరుచు మూలల నక్కియున్నను, చనువు చిక్కినపిదప అతిథుల నడుమకు ఠీవిగా నడచివచ్చి అందరి మన్ననలు పొందెనట. 1879 శరదృతువున అది జబ్బుపడగా వైద్యుని పిలిపించిరి, మీగడయు చేపలును పెట్టిచూచిరి. అయినను అది బ్రదుకలేదు. ప్రపంచమున అంతటి యింటిలో ఆదరణకు లోటెక్కడిది? లోటు తెలివిడిలో.

1884లో బ్యాంకాకునందలి బ్రిటిషు కాన్సలు గౌల్డు, ‘ఫో’, ‘మియా’ యను పిల్లులజంటను ఇంగ్లండులోని తన సోదరికి ఒసగెను. ఆ జంటకు పుట్టిన మూడు కూనలు మరుసటి సంవత్సరము క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనమున అందరి కన్నులను ఆకర్షించి, ఇంటికి వచ్చిన కొలదికాలమునకే ఒకదానివెంట ఒకటి మరణించెను. ఇట్టి వినాశములకు ఆనాటివారు శీతలవాయువును కారణముగా తలచి, సయామీ కూనలు ఉష్ణదేశపు సుకుమారములని కిటికీలు బిగించి, నెగళ్లు మండించి, ఊపిరాడని గదులలో పెంచిరి. పిల్లులను మూకుమ్మడిగా హతమార్చు మారి యొకటి సూక్ష్మమైన వైరసువలన కలుగునని 1928లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు నిరూపించిరి. అనేక గృహములనుండి వచ్చిన పిల్లులను ఒకే కప్పుక్రింద చేర్చు ప్రదర్శనమునకు మించిన విత్తనపుమడి ఆ మారికి ఎక్కడ దొరకును? టీకా తరువాతనే వచ్చెను.

వేడిగదులలో మఱియొక విచిత్రము దాగియున్నది. సయామీ కూన పుట్టునప్పుడు తెల్లగా నుండి, క్రమముగా చెవులు, ముక్కు, పాదములు, తోక నల్లబడును. దేహమున చల్లగా నుండు భాగములందే ఆ వర్ణము పుట్టుననియు, వెండ్రుకలు గొరిగి చల్లగా నుంచిన చోట నల్లని రోమములు మొలచుననియు 1930లో రష్యను శాస్త్రజ్ఞులు ఇల్యిన్ ద్వయము వెల్లడించిరి. లేత మేనివన్నెకై లక్షణజ్ఞులు ప్రాకులాడిన దంతయు కొంతవరకు గది వెచ్చదనముతోడి వ్యవహారమేనన్నమాట!

పెద్దల శాస్త్రమిట్లుండ, కూనను ఇంటికి అలవాటుచేయు విద్య వంటయిండ్లలో పెరిగెను. క్రొత్త పిల్లి పాదములకు వెన్న పూయుట ఇంగ్లీషువారి పాత ఆచారము. అది నాకుకొనునంతలో బెదరు మరచునని వారి నమ్మకము. నాకు ఇది మూఢాచారముగా తోచదు, ఏలయన తన్ను తాను నాకుకొనుచున్న పిల్లి పరువెత్తదు గదా. మొదట ఒక్క గది మాత్రము చూపి, అది పరిచయమైన పిదప తలుపు తీయుట, బల్లక్రింద నక్కినదానిని ఈడ్వక, దారపుండనో కాగితపుటుండనో దొర్లించి అదియే బయటికి వచ్చువరకు ఓపికపట్టుట, ఆటలో చేతివ్రేళ్లను ఎరగా చూపకుండుట వంటివి అటుతరువాతి అనుభవములు. ఇక మలవిసర్జనమునకు బూడిదయో ఇసుకయో పోసిన పెట్టె. గదినిండ బూడిదపాదముల ముగ్గు. 1947లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఎడ్వర్డ్ లోవ్ అనునాతడు, బూడిదతో విసిగిన ఒక పొరుగామెకు, నూనెమరకలు పీల్చుటకు తాను అమ్ముచున్న మట్టిగుళికలను ఇచ్చిచూచెను. ఆమె మరల అడిగెను. అప్పుడాతడు దానిని చిన్నసంచులలో నింపి ‘కిట్టీ లిట్టర్’ అని పేరుపెట్టి విక్రయించెను. మేడలోని ఏ అంతస్తునందైనను పిల్లికి ఇల్లు కలిగించినది పతకములు కావు, ఈ మట్టియే.

కూన తల్లినుండి విడివడవలసిన వయస్సును గూర్చి మాత్రము చిరకాలము అమ్మువాని తొందరయే శాసించెను. ఇప్పుడు బ్రిటనులో వంశావళులను భద్రపరచు పాలకమండలి నియమము ప్రకారము 13 వారములు నిండి, టీకాలు పడినగాని జాతిపిల్లి కూన క్రొత్తయింటి గడప త్రొక్కరాదు.